మూడో చూపు

గోడ మూల నుంచి చెమ్మ ఎక్కుతున్న చోట సున్నాలక్క రేకు పెట్టి గీకుతూ ఉంది. పాత సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచి ఆమె మోకాళ్ళ మీద, కొంగు మీద, కనురెప్పల మీద రాలుతోంది. ముక్కుకి కట్టుకోమని సంస్థవాళ్ళు ఇచ్చిన గుడ్డని ఆమె తలకి కట్టుకుంది. ముక్కులోకి పోయింది చీదితే పోతుంది. తలలోకి పోతే వదలగొట్టుకోవడానికి తమ్ముడింట్లో అన్ని నీళ్ళు ఎవరిస్తారు.

గది చిన్నది. మేడమెట్ల కింద మిగిలిన జాగాకి తలుపు పెట్టి గది అన్నారు. ఒక పక్క కప్పు ఏటవాలుగా దిగి ఉంటుంది, అటు నిలబడితే నెత్తి కొట్టుకుంటుంది. అందుకని మంచం అటే వెయ్యాలి, పడుకున్నవాడికి ఎత్తుతో పనేముంది. కిటికీ తీస్తే పక్కింటి గోడ. ఆ గోడ మీద పడ్డ వెలుతురులోనే కొంచెం ఇటు విరిగి వస్తుంది. ఇలాంటి గది ఎక్కడ ఖాళీ అయినా ముందు సంస్థకి కబురొస్తుంది. వేరే ఎవరూ తీసుకోరు కనక.

చెమ్మ గీకి, సిమెంటు మెత్తి, పై పూత వేసి, నేల కడిగి, మంచం, పొయ్యి, బకెట్టు, చాప, రెండు గిన్నెలు సర్దేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఆలోపు మనిషి దిగాలి. ఆ మనిషి గొడుగుల తాత.

ఆయన పేరు సంస్థవాళ్ళ కాగితాల్లో ఉందేమో గాని బజారులో ఎవరికీ తెలియదు. మూతపడ్డ బట్టల కొట్టు షట్టరు ముందు, ముందుకు పొడుచుకొచ్చిన రేకు కింద ఆయన కూర్చుంటాడు, అక్కడే పడుకుంటాడు. చుట్టూ విరిగిన గొడుగులు. వానాకాలంలో పని, మిగతా కాలమంతా వానాకాలం కోసం చూడ్డం. సున్నాలక్క రోజూ అటుగానే పనికి వెళ్తుంది. మొదట్లో ఒక గొడుగు బాగుచేయించుకుంది. ఆ తర్వాత గొడుగు లేకపోయినా ఆగడం అలవాటైంది.

సంస్థ మంచిదే. కాదని ఎవరూ అనరు. ఒక పూట అన్నం పెట్టి ఫోటో దిగి పోయే రకం కాదు. రోడ్డు మీద పడుకునేవాళ్ళకి గది వెతుకుతుంది, ఇంటివాళ్ళ గడ్డం పట్టుకుని ఒప్పిస్తుంది, కాళ్ళ మీద నిలబడేదాకా అద్దె కడుతుంది. అయితే గదులు పిడికెడు, పడుకునేవాళ్ళు ఊరెడు. అందుకని చూపులు పెట్టారు. వంతు వచ్చిన మనిషిని వేరువేరు రోజుల్లో మూడుసార్లు, చెప్పాపెట్టకుండా, తెల్లారకముందే వెళ్ళి చూస్తారు. మూడుసార్లూ తన చోట తను పడుకుని కనపడాలి. కనపడితే నిజంగా ఇల్లు లేనివాడు. ఒక్కసారి కనపడకపోయినా వాడికి ఎక్కడో ఒక చూరు ఉన్నట్టే లెక్క, వంతు వెనక్కి పోతుంది. ఆస్పత్రిలో పడుకున్నా అంతే, ఆస్పత్రికి కప్పుంటుంది కదా. పెళ్ళికూతుర్నయినా ఒక్కసారి చూసి ఊరుకుంటారు, వీళ్ళకి మూడు చూపులు అని సున్నాలక్క నవ్వుతూ ఉండేది.

ఇవాళ నవ్వు రావడం లేదు. తాతకి రెండు చూపులు అయిపోయాయి. ఇవాళ తెల్లవారుజామున మూడోది.

అది ఎలా జరిగిందో ఆమెకి తెలియదు. రోజూ అటే వచ్చేది, ఇవాళే కుదరలేదు. మరదలు పొద్దున్నే నీళ్ళ ట్యాంకరు దగ్గర నిలబెట్టింది. "కాస్త నిలబడు వదినా, నాకు నడుం పట్టేసింది" అంది. ట్యాంకరు రావడం ఆలస్యం, ఆమె బిందెలు మోసి తిరిగి వచ్చేసరికి పొద్దెక్కింది. ఇక మార్కెట్ సందులోంచి అడ్డదారిన పరుగు. ఆ దారిలో బట్టల కొట్టు రాదు. గీకుతున్నంతసేపూ ఆమె చెవిలో తాత దగ్గే వినపడుతోంది.

మొన్న సాయంత్రం ఆయన దగ్గు చూసి ఆమే భయపడింది. పొట్టలోంచి తోడుకొచ్చినట్టు దగ్గి, గొడుగు గుడ్డలో ఉమ్మి, గుడ్డ మడిచి పక్కన పెట్టుకున్నాడు.

"కాంపౌండరు పెద్దాసుపత్రికి పొమ్మంటున్నాడు తల్లీ. ఆలస్యం చెయ్యొద్దన్నాడు" అన్నాడు.

ఆమెకి బూట్‌పాలిష్ ఆయన గుర్తొచ్చాడు. నిరుడు వంతు వచ్చాక జ్వరం తగిలి, చెల్లెలింటికి పోయి పడుకున్నాడు. తిరిగొచ్చేసరికి వంతు గోవిందా. ఇప్పటికీ వంతెన కిందే ఉన్నాడు. అది తలుచుకునే అంది. మంచికే అంది.

"ఇప్పుడా తాతా? నోటిదాకా వచ్చింది. ఇంకొక్క చూపు. ఎల్లుండికల్లా గది సర్దమన్నారు. రెండ్రోజులు ఓపిక పట్టు, వాళ్ళు చూసిపోయాక నేనే తీసుకెళ్తాను. అంతదాకా ఇక్కణ్ణుంచి కదలొద్దు. ప్రాణం మీదికొచ్చినా సరే."

ప్రాణం మీదికొచ్చినా అనేది ఎవరైనా అనే మాటే. బిందె పట్టుకోమన్నా అంటారు, బస్సులో సీటు ఆపమన్నా అంటారు. తాత బుద్ధిగా తల ఊపాడు. "కదల్నులే తల్లీ" అన్నాడు.

సిమెంటు కలుపుతుంటే మేడమీదావిడ మెట్లు దిగి వచ్చి గుమ్మం బయటే ఆగింది. ఇంటి యజమానురాలు. లోపలికి రావాలంటే చెప్పులకి సున్నం అంటుకుంటుందని బయటి నుంచే మెడ చాచి చూసింది.

"ఎవరొస్తున్నారన్నావు?"

"పెద్దాయనండి. ఒక్కడే. గొడుగులు బాగుచేస్తాడు."

"ఇన్నాళ్ళూ ఎక్కడుండేవాడు?"

"బజారు నడిబొడ్డునేనండి." ఇది సంస్థ నేర్పిన జవాబు. అబద్ధం కాదు. వినేవాళ్ళు బజారులో ఏదో ఒక ఇల్లనుకుంటే అనుకుంటారు.

"తాగుతాడా?"

"టీ తాగుతాడండి."

"నవ్వులాట కాదు. ముసలాయనంటున్నావు. ఇక్కడే ఏదైనా అయితే మళ్ళీ ఈ గదిలో ఎవరూ దిగరు. నాకు తలనొప్పి."

"గట్టి మనిషండి" అంది సున్నాలక్క, సిమెంటు ముద్ద గోడకి కొట్టి అరచేత్తో అదుముతూ. అదుముతూనే ఉంది, ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయేదాకా.

ఈ అదమడం, ఈ చేతివాటం మొగుడిది. ఆయన ఇళ్ళకి రంగులు వేసేవాడు. ఆమె బకెట్టు పట్టుకుని వెంట తిరిగేది. గోడ ముందు నిలబడి "ఇది ఎక్కడ తాగుతుందో, ఎక్కడ కక్కుతుందో చూసుకోవాలే" అనేవాడు. కొత్త ఇళ్ళన్నిటిలోనూ మొదట అడుగుపెట్టింది తామేనని గొప్పలు పోయేవాడు. నిజమే, అన్నిటిలోంచీ చివరికి బకెట్లు తీసుకుని బయటికి నడిచిందీ తామే. ఒకరోజు పరంజా కర్ర జారి కిందపడి, కొన్నాళ్ళు మంచాన ఉండి పోయాడు. అద్దె ఇంటివాళ్ళు దినాల దాకా ఆగి, ఆ తర్వాత గొంతు సవరించుకున్నారు. తమ్ముడొచ్చి "నాలుగు రోజులు మా ఇంట్లో ఉండక్కా" అన్నాడు. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు.

తమ్ముడు చెడ్డవాడు కాదు. మరదలూ కాదు. ఇల్లు చిన్నది, చిన్న ఇంట్లో మంచివాళ్ళు కూడా ఒకరి కాళ్ళకి ఒకరు అడ్డం పడతారు. సున్నాలక్క పక్క వంటింటికీ బాత్రూముకీ మధ్య నడవలో, ఫ్రిజ్ పక్కన. అందరూ పడుకున్నాక పరుచుకోవాలి, అందరికంటే ముందు చుట్టెయ్యాలి. మధ్యలో ఎవరు బాత్రూముకి లేచినా ఆమెని దాటుకునే వెళ్ళాలి. మనిషిని దాటితే ఎదగరని చిన్నప్పుడు అనేవాళ్ళు. యాభై దాటాక ఇంకా ఎదిగి చేసేదేముందిలే అని ఆమె కాళ్ళు ముడుచుకుంటుంది. ఆ ఇంట్లో ఆమె వెయ్యాల్సిన గడియ గానీ, తియ్యాల్సిన తాళం గానీ లేవు.

ఒకసారి ధైర్యం చేసి సంస్థ మేడమ్‌ని అడిగింది. ఎన్ని గదులు సర్దానో, ఏదైనా ఒక మూల గది నాకూ ఇప్పించండి మేడమ్ అని. మేడమ్ కళ్ళజోడు తీసి, ఎంతో ఆప్యాయంగా, "ఇప్పుడు ఎక్కడ పడుకుంటున్నావమ్మా?" అంది. తమ్ముడింట్లో అని చెప్పింది. "అయితే నీకు ఇల్లున్నట్టే కదా" అంది మేడమ్. ఔను కదా అని సున్నాలక్క నవ్వేసి వచ్చింది. నవ్వినందుకు దారి పొడుగునా తనని తాను తిట్టుకుంది.

గోడ మొదటి పూత ఆరేలోపు ఆమె తలుపు పని చూసింది. ఈ గదిలో ఒక దొంగపని చేసింది ఆమె. సంస్థ గదుల తలుపులకి లోపలి గడియ ఉండకూడదు. ఎప్పుడో ఒక మనిషి గడియ పెట్టుకుని పడుకుని లేవలేదట, తలుపు పగలగొట్టాల్సి వచ్చిందట, ఇంటివాళ్ళు గొడవ చేశారట. అప్పట్నుంచి ముందు గడియ ఊడబీకి, ఆ తర్వాత సున్నం. బయట తాళానికి రెండు చెవులు, ఒకటి మనిషికి, ఒకటి ఆఫీసులో.

తాతకి గది వస్తుందని తెలిసిన రోజున ఆయన గది ఎంతుంటుందని అడగలేదు, కిటికీ ఉందా అని అడగలేదు. "లోపల్నించి గడియ పెట్టుకోవచ్చా తల్లీ?" అన్నాడు.

"ఎందుకు తాతా, నీ దగ్గర దోచుకోవడానికి ఏముందని?"

"దోచుకోవడానిక్కాదు. పడుకున్నవాణ్ణి ఎవడు పడితే వాడు కాలితో తట్టి లేపుతాడు. పోలీసు లేపుతాడు, ఊడ్చేవాడు లేపుతాడు, తాగినోడు లేపుతాడు. చీకట్లో మీ సారు కూడా టార్చి వేసి లేపుతున్నాడు, ఉన్నావా అని. నా అంతట నేను లేచేదాకా ఎవడూ లేపకుండా ఒక్క రాత్రయినా పడుకోవాలనుంది."

అందుకని ఎక్కడో పాత తలుపు పగలగొడుతుంటే ఆమె ఇత్తడి గడియ ఒకటి అడిగి తెచ్చుకుంది. చింతపండు పెట్టి తోమింది. ఇప్పుడు తలుపుకి బిగించి, నూనె రాసి, ఒక్క వేలితో లాగి చూసింది. చప్పుడు కాకుండా జరిగింది. తలుపు మూసి గడియ వేసి, ఆ సగం వెలుతురులో ఒక్క నిమిషం నిలబడింది. బయట ఎవరో మెట్లెక్కుతున్నారు, ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, ఏదీ తనది కాదు. భలే ఉంది అనుకుంది. తర్వాత సిగ్గుపడి గడియ తీసి, రెండో పూతకి బ్రష్షు ముంచింది.

మంచం వేసి దుప్పటి పరుస్తుండగా బయట స్కూటరు ఆగింది. వచ్చింది చూపుల సారు. నలభై దాటినవాడు, ఎప్పుడూ నిద్రచాలని కళ్ళు. ఇంతకుముందు ఏదో ఫైనాన్సు కంపెనీలో బాకీలు వసూలు చేసేవాడు. అప్పుడు తలుపులు మూసుకుని లేరనిపించేవాళ్ళని వెతికేవాడు, ఇప్పుడు తలుపులే లేనివాళ్ళని వెతుకుతున్నాడు. పని అదే, జీతమే తగ్గింది అని తనే చెప్పుకుని నవ్వుతాడు. స్కూటరు వెనక నుంచి ఒక బస్తా దిగింది, బస్తా వెనక మనిషి దిగాడు. రైలు గేటు దగ్గర పడుకునే మనిషి. అందరూ అతన్ని బస్తా అనే అంటారు. మోసేదీ అదే, మనిషీ అలాగే ఉంటాడు.

"తాత ఏడి సార్?" అంది ఆమె, దుప్పటి కొస చేతిలోనే ఉంది.

"లేడు."

"లేడంటే?"

"చోటు ఖాళీ. చూశాను. వంతు ఇతనిది."

"సరిగ్గా చూశారా సార్? చీకట్లో..."

"తెల్లారిందక్కా అప్పటికి. ఆలస్యంగానే వెళ్ళాను. షట్టరు ముందు మనిషి లేడు."

"ఒంట్లో బాగాలేదు సార్ ఆయనకి. పక్కకి ఎక్కడికైనా వెళ్ళుంటాడు. కదలొద్దని నేనే చెప్పాను, కదలడు. మీకు తెలీదా ఆయనకి ఎవరూ లేరని?"

సారు హెల్మెట్ తీసి జుట్టు వెనక్కి తోసుకున్నాడు. విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేది. "తెలుసు. నాకు తెలిసింది నేను రాయకూడదక్కా. నాకు కనపడింది రాయాలి."

"ఇంకొక్కసారి చూస్తే ఏం పోతుంది సార్?"

"ఒకరికి చూస్తే అందరికీ చూడాలి. గది ఒక్క పూట ఖాళీగా ఉంచితే పైనావిడ వేరేవాళ్ళకి ఇచ్చేస్తుంది. నేనేం రాక్షసుణ్ణి కాదు. మళ్ళీ వంతు వచ్చినప్పుడు చూద్దాం." అంటూ తలుపు వైపు తిరిగాడు. "ఇదేంటి, గడియ? పీకెయ్."

ఆమె బస్తా వంక చూసింది. అతన్ని తిట్టుకోవాలనిపించింది. ఇప్పుడే కడిగిన నేల మీద అడుగు ఎక్కడ పెట్టాలో తెలియక అతను గుమ్మం మీద ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. తూలి గోడ పట్టుకున్నాడు. పచ్చి సున్నంలో అయిదు వేళ్ళూ దిగబడ్డాయి. దొంగతనం చేస్తూ దొరికినవాడిలా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు.

"ఫర్వాలేదు, లోపలికి రా" అంది. ఏం చేస్తుంది. అతనూ రోడ్డు మీదివాడే. ఎవరో ఒకర్ని తిట్టుకుందామంటే అందుబాటులో ఉన్నవాళ్ళంతా పాపం అనిపించేవాళ్ళే, అదీ ఆమె ఖర్మ.

పని పనే. ప్రతి గదిలో చెప్పినట్టే చెప్పింది. కుళాయి ఇటు తిప్పితే వస్తుంది, అటు తిప్పి కట్టెయ్. పొయ్యి వెలిగించేముందు కిటికీ తియ్. రాత్రి లేస్తే ఇటువైపు లేవకు, నెత్తి తగులుతుంది. తాత పొట్టివాడు, ఆయనకైతే తగలదు అని ఆమె ముందే చూసుకుంది. బస్తా పొడుగు. అతను మంచం కొసన, సగమే ఆనేట్టు కూర్చున్నాడు.

"ఆయనెవరో వస్తే నేను లేచిపోవాలా అమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

"లేదు. నీ గదే" అంది. ఆ రెండు ముక్కలు అతనికి వినపడలేదు, మళ్ళీ ఇంకోసారి అనాల్సి వచ్చింది.

సారు కాగితం మీద బస్తా వేలిముద్ర వేయించుకుని, "గడియ పీకావా?" అన్నాడు.

"స్క్రూలు తుప్పు పట్టాయి సార్. తిరగట్లేదు."

నూనె రాసిన ఇత్తడి గడియ వాళ్ళిద్దరి మధ్యా తళతళలాడుతోంది. సారు దాన్ని చూశాడు, ఆమెని చూశాడు. "సరే, ఇంకోసారి వచ్చినప్పుడు" అని హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సందు చివరికి వచ్చాక ఆమె బట్టల కొట్టుకి ఎదురుగా ఉండే టీ కొట్టతనికి ఫోన్ చేసింది. ఏ వరసా లేకపోయినా అతను వదినా అని పిలుస్తాడు. అవతల గ్లాసుల చప్పుడు, జనం.

"తాతా? పడిపోయాడు వదినా. తెల్లారగట్ల. ఊపిరాడట్లేదు. మేమే కూరగాయల బండి మీద వేసి పెద్దాసుపత్రికి పంపాం. నీకు చేద్దామంటే బేరం వదల్లేదు, తిట్టుకోకు."

ఆమె బ్రష్షు, రేకు, బకెట్టు అన్నీ మోసుకుంటూనే ఆస్పత్రికి నడిచింది. గేటు దగ్గర కాపలావాడు బకెట్టు లోపలికి కుదరదన్నాడు, బయట గోడ వారన పెట్టింది. సున్నం నిండిన చీరతో వరండాలన్నీ తిరిగింది. ఒకతను ఆమెని పనిమనిషనుకుని అక్కడ తుడవమ్మా అన్నాడు. ఆయాస రోగుల వార్డులో ఆయా దుప్పట్లు లెక్కపెట్టుకుంటోంది.

"పొద్దున బండి మీద తెచ్చారు, ముసలాయన. పొట్టిగా ఉంటాడు" అంది సున్నాలక్క.

"చివరి మంచం ఆయనా?" ఆయా తల తిప్పి అటు చూసింది. సున్నాలక్క కూడా చూసింది. చివరి మంచం మీద ఎవరో కుర్రవాడు అటు తిరిగి పడుకుని ఉన్నాడు. "పోయాడమ్మా. ఎండెక్కకముందే. మంచాలు చాలట్లేదు, వెంటనే ఇంకొకర్ని వేశారు."

ఆ మంచం మీద దుప్పటి ఎవరు మార్చారో, ఎంతసేపట్లో మార్చారో సున్నాలక్కకి తెలుసు. సంస్థ గదుల్లో అది తన పనే. ఆ చివరి మంచం దగ్గర కూడా ఎవరో ఒక సున్నాలక్క ఉండే ఉంటుంది.

"రెండ్రోజులు ముందు తెచ్చుంటే గట్టెక్కేవాడన్నాడు డాక్టరు. ఊపిరితిత్తులు నిండా నీరంట. ఇంతదాకా ఎందుకు ఆగాడో" అంది ఆయా, దుప్పటి దులుపుతూ.

"నేనే ఆపాను."

"ఏంటమ్మా?"

"ఏం లేదు."

నేనే చంపాను అనుకుంది. అలాగే అనుకుంది, వేరే మాటతో కాదు. సారు కాదు, మేడమ్ కాదు, మూడు చూపులూ కాదు. వాళ్ళెవరూ ఆయన మొహం మీద మొహం పెట్టి కదలొద్దని చెప్పలేదు. చెప్పింది నేను. నా మాట విన్నాడు. జన్మలో నా మాట విన్నవాడు ఆయనొక్కడే.

"సొంతవాళ్ళయితే సంతకం పెట్టి తీసుకెళ్ళొచ్చు" అంది ఆయా, ఈసారి కాస్త మెత్తగా. "కూతురివా?"

ఒక్క ఊఁ అంటే చాలు, సంతకం పెట్టిస్తారు. పెట్టాక తీసుకెళ్ళాలి. ఎక్కడికి? తమ్ముడింటి నడవలోకా, ఫ్రిజ్ పక్కకా. మెట్ల కింద గదిలోకా, అక్కడ బస్తా ఉన్నాడు. ఒక మనిషిని ఒక్క పూట పడుకోబెట్టుకోవడానికి తనకి గోడ లేదు, గుమ్మం లేదు. ఊరందరి గోడలకీ సున్నం వేస్తుంది.

"కాదు. తెలిసిన మనిషి" అంది.

"తెలిసినవాళ్ళకి ఇవ్వరమ్మా. ఎవరూ లేకపోతే ఆస్పత్రివాళ్ళే చూసుకుంటారులే" అని ఆయా దుప్పట్లు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

గేటు బయట బకెట్టు ఉంది. బ్రష్షు గట్టిపడిపోయింది. కుళాయి దగ్గర కూర్చుని దాన్ని నానబెట్టి, వెంట్రుక వెంట్రుకా విడదీసి కడిగింది. మొగుడు నేర్పిన బుద్ధి, బ్రష్షు కడగకుండా పొద్దు గూకనివ్వకూడదు. కడుగుతూ ఏడ్చింది. వచ్చేపోయేవాళ్ళు ఎవరూ ఆగలేదు, ఆస్పత్రి ముందు ఏడుపు ఎవరికి వింత.

ఇంటికి పోయే దారి బట్టల కొట్టు మీదుగానే. అడ్డదారి ఉందని గుర్తొచ్చింది గాని కాళ్ళు ఇటే తిరిగాయి. ఎండ తగ్గి రేకు కింద నీడ పొడుగైంది. టీ కొట్టతను ఆమెని చూసి, అడక్కుండానే గ్లాసు నింపి అందించాడు.

"ఎలా ఉన్నాడు వదినా?"

వేడి గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుంది. సున్నం తిన్న వేళ్ళు, వేడి తెలియలేదు. "పడుకున్నాడు" అంది.

"హమ్మయ్య. ఆ దగ్గుకి పాపం ఎన్నాళ్ళయిందో కన్ను మూసి." అతను పాలగిన్నె కింద మంట తగ్గించాడు. "బండి ఎక్కించడానికి మా తల ప్రాణం తోకకొచ్చిందనుకో. ఎక్కనంటే ఎక్కనంటాడు. షట్టరు కడ్డీ పట్టుకుని వదలడు. ఊపిరాడట్లేదు, మాట రావట్లేదు, అయినా ఆ తల్లి కదలొద్దంది, ఆ తల్లి కదలొద్దంది, ఇదే. ఇద్దరం కలిసి వేళ్ళు విడదీశాం. అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో."

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"అదయ్యాక మీ సారు వచ్చాడు, స్కూటరు మీద. దిగలేదు. అటే చూసి పోయాడు. అరిచి చెబుదామనే అనుకున్నా వదినా, సరిగ్గా అప్పుడే పాలు పొంగుతున్నాయి." అతను మసిగుడ్డ పిండి బల్ల తుడిచాడు, తుడిచిందే మళ్ళీ తుడిచాడు. "గది ఏమైంది? పోలేదు కదా? పోదులే. ఆయన గుర్తు పెట్టే వెళ్ళాడు. కడ్డీ వదిలాక, బండి మీద పడుకుని, కాళ్ళు ఇలా ఇలా ఆడించి విదిలించాడు. నాకు మొదట అర్థం కాలేదు. ఇవి అక్కడ పెట్టు, వాళ్ళొస్తే ఉన్నాననుకుంటారు అన్నాడు. సరేనని పెట్టాను, గొడుగులు మా కొట్లో దాచాను. పొద్దుట్నుంచీ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఊడ్చేవాడొస్తే చుట్టూ ఊడ్చుకుపొమ్మన్నాను."

సున్నాలక్క అప్పుడు రోడ్డు అవతలికి చూసింది.

షట్టరు ముందు, నీటుగా ఊడ్చిన నేల మధ్య ఊడ్వకుండా మిగిలిన చారెడు దుమ్ములో, మడమలు అరిగి, ఎడమదాని పట్టీకి గొడుగు తీగ చుట్టిన రెండు చెప్పులు, మనిషి ఇప్పుడే విడిచి లోపలికి వెళ్ళినట్టుగా, పక్కపక్కన ఉన్నాయి.